గుహ చేపల గురించి రాసిన యువ మిత్రునికి

ప్రియ మిత్రమా,

గుహల్లో బతికే చేపల గురించి మీరు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష నిలకడగా ఉంది, అక్కరలేని అలంకారాలు లేవు, చివరిదాకా చదివించే గుణం ఉంది. ఆ విషయాల్లో మీకు నా సలహా అవసరం లేదు కనుక వాటి గురించి ఇంకేమీ చెప్పను. నేను ఆగిపోయింది రెండో పేరాలోని ఒక వాక్యం దగ్గర. "గుహ చీకటిలో చూపుతో పని లేకపోవడం వల్ల ఈ చేపలు తరతరాలుగా కళ్ళను కోల్పోయాయి" అని రాశారు. ఆ వాక్యం ఎంత సులువుగా గొంతు దిగుతుందంటే, చెప్పవలసిన సంగతిని అది చెప్పనేలేదని పాఠకుడికే కాదు, రాసిన మీకు కూడా తోచలేదు. పని లేకపోవడానికీ అవయవం పోవడానికీ నడుమ ఏం జరిగింది? జీవపరిణామం గురించి రాయడమంటే ఆ నడుమ జరిగినదాన్ని రాయడమే. ఈ ఉత్తరమంతా ఆ ఖాళీని పూరించడం గురించే.

మీ వాక్యంలోని ఊహను పరీక్షించడం కష్టమేమీ కాదు. నదిలో బతికే చేప గుడ్లను చీకటిలో పొదిగించి, పిల్లలను చీకటిలోనే పెంచితే, వాటి శరీరక్రియల్లో కొన్ని మార్పులు వస్తాయి గానీ కళ్ళు మాత్రం వస్తాయి. గుహ చేప గుడ్లను పట్టపగటి వెలుతురులో పెంచినా ఆ పిల్లలకు పనికివచ్చే కళ్ళు రావు. కాబట్టి చీకటి ఒక చేప శరీరం మీద నేరుగా పనిచేసి కన్నును తీసెయ్యడం లేదు. అది పనిచేసేది చేపల సమూహం మీద: ఏ చేప బతికింది, ఏది ఆకలితో చచ్చింది, ఏ చేప గుడ్లు ఎక్కువగా మిగిలాయి అన్న లెక్క మీద. మీ వాక్యంలో చీకటి ఉంది, కన్ను ఉంది, కాలం కూడా ఉంది, సమూహం లేదు. ఒక్కొక్క చేపకూ దాని పక్క చేపకూ మధ్య ఉన్న తేడా లేదు. అది లేనప్పుడు అవసరమే కర్తగా మారి, చేప తన అవసరాన్ని గుర్తెరిగి శరీరాన్ని సరిచేసుకున్నట్టు వినిపిస్తుంది.

ఈ పొరపాటుకు పెద్దవాళ్ళ తోడు కూడా ఉంది. 1859లో డార్విన్ గుహ జంతువుల ప్రస్తావన తెచ్చినప్పుడు, చీకట్లో బతికే ప్రాణికి కళ్ళు నిరుపయోగమైనా హాని చేస్తాయని ఊహించడం కష్టమంటూ, వాటి లోపానికి పూర్తిగా వాడకపోవడమే కారణమని రాశారు. ప్రకృతి వరణాన్ని, అంటే పరిసరాలకు తగినవే ఎక్కువగా బతికి సంతానాన్ని మిగల్చడాన్ని, లోకానికి వివరించిన మనిషే ఆ ఒక్క చోట దాన్ని పక్కన పెట్టారు. ఆయన కాలానికి జన్యువుల సంగతి తెలియదు, చేపల పిండాల్లో కన్ను ఎలా పోతుందో చూసినవారు లేరు. మనకు ఆ సాకు లేదు.

ఇప్పుడు వ్యాసానికి వస్తాను. మొట్టమొదట, మీ చేపకు ఒక చోటు ఇవ్వండి. మీరు "ప్రపంచంలోని గుహల్లో" అని మొదలుపెట్టి, ఆ తర్వాత చెప్పిన ప్రతి విషయాన్నీ మెక్సికోలోని ఒకే ఒక జాతి నుంచి తీసుకున్నారు. అదే చెయ్యండి, తప్పులేదు. కానీ దాని పేరూ ఊరూ చెప్పి చెయ్యండి. ఆ జాతి పేరు ఆస్టియానాక్స్ మెక్సికానస్. ఈశాన్య మెక్సికోలో సాన్ లూయిస్ పొటోసీ, టమౌలీపాస్ రాష్ట్రాల్లో సియెర్రా డి ఎల్ అబ్రా అనే సున్నపురాయి కొండల వరుస, దాని చుట్టుపక్కల మరికొన్ని కొండలు ఉన్నాయి. అక్కడ దాదాపు 30 గుహల్లో ఈ చేప గుడ్డి రూపాలు దొరుకుతాయి. ఆ కొండల కిందా పక్కనా పారే వాగుల్లో, నదుల్లో వెండిరంగులో మెరిసే, పెద్ద కళ్ళున్న రూపం గుంపులుగా ఈదుతుంది.

ఆ చేపలు గుహలోకి ఎలా వచ్చాయన్నది మీరు ఒక్క ముక్కలో దాటేశారు. అక్కడ ఇంకొంచెం నిలబడండి. సున్నపురాయి నీటికి కరిగే రాయి. వాన నీరు వేల ఏళ్ళుగా దాన్ని తొలిచినకొద్దీ భూమి మీద పారే వాగు ఒకనాటికి బిలంలో పడి కొండ కడుపులోకి దారి మళ్ళుతుంది. దానితోపాటు అందులోని చేపలూ పోతాయి. కొన్ని చోట్ల వరదలు వచ్చినప్పుడల్లా కొత్త చేపలు లోపలికి కొట్టుకుపోతూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఆకలితో చస్తాయి. ఎండ లేని చోట మొక్క లేదు, నాచు లేదు. వరద తెచ్చి పడేసిన చెత్త, గబ్బిలాల రెట్ట, వాటి మీద బతికే చిన్న ప్రాణులు, ఇంతే ఆహారం. గుహ అంటే చీకటి అని మాత్రమే మీరు రాశారు. గుహ అంటే చీకటి ఎంతో కరువు కూడా అంతే. ఈ రెండో మాట లేకుండా కన్ను ఎందుకు పోయిందో వివరించలేరు, కాబట్టి ఇది మీ వ్యాసంలో ముందే రావాలి.

మరో సవరణ. "వీటి పూర్వీకుడు నేటికీ నదిలో ఈదుతూనే ఉన్నాడు" అన్న వాక్యం వినసొంపుగా ఉన్నా నిజం కాదు. నదిలో ఇప్పుడున్న చేప గుహ చేపకు తాత కాదు, దాయాది. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారు. వారు నదిలో బతికినవారే, కళ్ళున్నవారే, కానీ ఆ తర్వాత నదిలోని వంశం కూడా మారకుండా కూర్చోలేదు. పూర్వీకుడి స్థానంలో పోల్చడానికి ఇప్పటి నది చేపను వాడుకుంటున్నాం అని రాస్తే సరిపోతుంది. ఇది చాదస్తం కాదు. గుహల్లోకి చేపలు ఒక్కసారి కాదు, కనీసం రెండు వేర్వేరు సార్లు వెళ్ళాయని జన్యువుల పోలిక చెబుతోంది. ఒక గుహకు పూర్వీకులైన గుంపు వేరు, మరో గుహకు పూర్వీకులైన గుంపు వేరు. పూర్వీకుడిని ఒక్కడిగా, మార్పు లేనివాడిగా నిలబెడితే, వ్యాసం చివర్లో మీరు చెప్పబోయే అత్యంత ఆసక్తికరమైన సంగతికి మీరే అడ్డం కట్టుకున్నవారవుతారు.

ఈ చేప శాస్త్రజ్ఞులకు ఎందుకంత విలువైనదో కూడా చెప్పండి. 1936లో హబ్స్, ఇన్నెస్ అనే ఇద్దరు లా క్వేవా చీకా అనే గుహలో దొరికిన గుడ్డి చేపను వర్ణించినప్పుడు దాన్ని ఏకంగా కొత్త ప్రజాతిగా లెక్కించి అనోప్టిక్తిస్ జోర్డానీ అని పేరు పెట్టారు. చూడడానికి అంత తేడా. తీరా చూస్తే అది నది చేపతో జతకడుతుంది, పుట్టిన పిల్లలు మళ్ళీ పిల్లలను కంటాయి. ఆ ఒక్క సంగతి వల్ల పరిశోధనకు తలుపు తెరుచుకుంది. ఇతర గుహ చేపల్లో చాలావాటికి ఇలా జతకట్టించి చూడడానికి వీలైన పైనీటి బంధువు లేదు. ఇక్కడ మాత్రం కన్నున్న చేపకూ కన్నులేని చేపకూ సంకరం చేసి, మనుమల తరంలో ఏ లక్షణం ఏ జన్యువు వెంట నడుస్తోందో లెక్కగట్టవచ్చు. 1950లలోనే పెరిహాన్ సదోగ్లు ఇలాంటి సంకరాలు చేసి, వీటిలో తెల్లబారిన రంగు ఒకే ఒక అంతర్గత జన్యువు (తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే తప్ప బయటపడనిది) వల్ల వస్తోందని చూపారు.

ఇక కన్ను. మీ వ్యాసంలో ఇది అయిదు వాక్యాలు. నా ఉద్దేశంలో సగం వ్యాసం ఇదే కావాలి. గుహ చేపకు కన్ను రాదని మీరు రాశారు. వస్తుంది. గుడ్డులోని పిండానికి మొదటి రోజు ముగిసేసరికి నది చేప పిండంలోలాగే కటకం (లెన్స్), దాని వెనుక నేత్రపటలపు (రెటీనా) గిన్నె ఏర్పడతాయి; కాకపోతే కాస్త చిన్నవిగా. ఆ తర్వాత కటకంలోని కణాలు తమంతట తాము చనిపోవడం మొదలవుతుంది. వెనుక నేత్రపటలంలో కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి, కానీ పుట్టినవి పుట్టినట్టే చస్తుంటాయి. ఎదగని ఆ కన్ను క్రమంగా గుంటలోకి కుంగిపోతుంది, దాని మీద చర్మం మూసుకుంటుంది. గుహ చేప ప్రతి తరంలోనూ కన్ను కట్టడం మొదలుపెట్టి, సగంలో కూల్చేస్తోంది. పాఠకుడికి ఈ దృశ్యం కనబడితే, కళ్ళున్న పూర్వీకుల సంగతి మీరు వేరే వాదించి ఒప్పించనక్కరలేదు.

ఇక్కడ ఒక ప్రయోగం చెప్పి తీరాలి. 2000 సంవత్సరంలో యోషియుకి యమమోటో, విలియం జెఫరీ నది చేప పిండం నుంచి కటకాన్ని తీసి గుహ చేప పిండపు కంట్లో అమర్చారు. ఆ వైపు కన్ను పెరిగింది. కార్నియా, కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ ఏర్పడ్డాయి, నేత్రపటలం పెద్దదయింది. తిరగేసి, గుహ చేప కటకాన్ని నది చేప పిండంలో అమర్చితే ఆ వైపు కన్ను క్షీణించింది. మీరు ఇది చెప్పేటప్పుడు ఒక వివరాన్ని వదలకండి: మార్చింది ఒక వైపు కటకాన్ని మాత్రమే. రెండో కన్ను అదే చేపలో, అదే నీటిలో, అదే చీకటి వెలుగుల్లో ఉండి తన దారిన తాను పోయింది. ఆ రెండో కన్ను వల్లే ప్రయోగానికి బలం. చాలామంది రచయితలు ఫలితాన్ని చెబుతారు, పోల్చడానికి ఉంచిన భాగాన్ని వదిలేస్తారు. అప్పుడు ఫలితం గారడీలా కనిపిస్తుంది గానీ రుజువులా కనిపించదు.

ఆ కటకం ఎందుకు చస్తోంది? 2004లో ఇదే బృందం ఇంకో అడుగు వేసింది. పిండంలో శరీరపు నడిమి గీత పొడవునా పనిచేసే హెడ్జ్‌హాగ్ అనే సంకేత వ్యవస్థ ఒకటుంది. గుహ చేప పిండంలో అది నది చేపలో కంటే వెడల్పుగా వ్యాపించి ఉంది. నది చేప పిండంలో కృత్రిమంగా ఆ సంకేతాన్ని పెంచితే దాని కటకం కూడా చావడం మొదలుపెట్టింది. అదే సంకేతం దవడ పెరుగుదలనూ, నోటి చుట్టూ ఉండే రుచి మొగ్గల సంఖ్యనూ పెంచుతుంది. ఆ వాక్యం దగ్గర పాఠకుడిని ఒక్క క్షణం ఆగనివ్వండి. చీకట్లో అడుగు బురదను నోటితో తడుముకుంటూ తిండి వెతికే చేపకు రుచి మొగ్గలు ఎక్కువ ఉండడం లాభం. ఆ లాభాన్ని ఇచ్చే మార్పు కన్నును చెడగొట్టేదైతే, వెలుతురున్న నదిలో అలాంటి చేప మిగలదు, గుహలో మిగులుతుంది. ఇప్పుడు మీ మొదటి వాక్యంలోని ఖాళీలో ఒక కారణం వచ్చి కూర్చుంది.

అది ఒక్కటే కారణమని మాత్రం రాయకండి. కనీసం మూడు వివరణలు ఉన్నాయి, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు. ఒకటి పైన చెప్పినది. రెండోది, కాపలా తీసేయడం. నదిలో కన్నును చెడగొట్టే ఉత్పరివర్తనతో, అంటే జన్యువులో కొత్తగా వచ్చిన మార్పుతో, పుట్టిన చేపను ఇతర చేపలు తింటాయి, దానికి తిండి దొరకదు. ఆ జన్యువు దానితోపాటు పోతుంది. గుహలో అలాంటి చేపకు ఏ నష్టమూ లేదు కనుక చెడిన జన్యువులు పోగుపడతాయి, చిన్న సమూహాల్లో యాదృచ్ఛికంగా అందరికీ వ్యాపిస్తాయి. దీన్ని జన్యు విస్థాపనం అంటారు. మూడోది ఖర్చు. చూపు చవకైనది కాదు. నేత్రపటలం, దాన్ని చదివే మెదడు భాగం నిరంతరం ఆక్సిజన్ తాగుతూ ఉంటాయి. 2015లో ఈ జాతి చేపల్లోనే కొలిచి చూస్తే, ఒక గ్రాము బరువున్న పిల్ల చేప విశ్రాంతిలో వాడే శక్తిలో దాదాపు 15 శాతం, ఎనిమిదిన్నర గ్రాముల చేపలో దాదాపు 5 శాతం చూపుకే పోతోందని తేలింది. మీ వ్యాసంలో ఈ అంకెల్లో మొదటిదాన్ని మాత్రమే ఇచ్చి, "శరీరశక్తిలో 15 శాతం" అని తేల్చేశారు. రెండు అంకెలూ ఇవ్వండి. చిన్న చేపకే భారం ఎక్కువన్నది ఆ జంటలోనే ఉంది. కరువులో ముందు చచ్చేవి పిల్లలే కాబట్టి వరణం వాటి మీదే గట్టిగా పనిచేసి ఉండవచ్చన్న ఆలోచన పాఠకుడికే వస్తుంది.

విస్థాపనమా, వరణమా అన్న తగాదాను తీర్చడానికి వాడిన ఒక ఉపాయం నాకు ఎంతో ఇష్టం. మీరు దీన్ని ప్రస్తావించలేదు. సంకరాల మనుమల తరంలో కంటి పరిమాణాన్ని ప్రభావితం చేసే జన్యు స్థానాలను 2007లో గుర్తించినప్పుడు, ఆ స్థానాలన్నిటిలోనూ గుహ చేప నుంచి వచ్చిన రూపం కన్నును చిన్నదే చేస్తోందని తేలింది. కేవలం యాదృచ్ఛికమే అయితే కొన్ని పెంచేవి, కొన్ని తగ్గించేవి కలగలిసి ఉండాలి. అన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయంటే వెనుక వరణం ఉందన్నమాట. అదే చేపల్లో చర్మపు నల్లకణాల సంఖ్యను చూస్తే, గుహ చేప రూపాలు కొన్ని చోట్ల ఆ సంఖ్యను తగ్గించాయి, మరికొన్ని చోట్ల పెంచాయి. అక్కడ విస్థాపనం వాదన నిలబడింది. ఒకే చేపలో కన్ను ఒక కారణంతో, రంగు మరో కారణంతో పోయి ఉండవచ్చు. మీరు "కళ్ళూ రంగూ కోల్పోయాయి" అని రెంటినీ ఒకే క్రియకు కట్టేసినప్పుడు పోగొట్టుకున్నది ఈ సంగతినే.

రంగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఒక్క విషయం తప్ప. 2006లో పచోన్, మొలినో అనే రెండు గుహల తెల్ల చేపల్లో ఓసీఏ2 అనే ఒకే జన్యువు చెడిందని, కానీ రెండు గుహల్లో దానిలోని వేర్వేరు ముక్కలు ఊడిపోయాయని కనుగొన్నారు. ఒకే గమ్యానికి రెండు సమూహాలు విడివిడిగా చేరాయనడానికి ఇంతకంటే తేటగా సాక్ష్యం దొరకడం కష్టం. కంటి విషయంలో సాక్ష్యం ఇంకా విచిత్రంగా ఉంటుంది. వేర్వేరు గుహల నుంచి తెచ్చిన రెండు గుడ్డి చేపలను జతకట్టిస్తే వాటి పిల్లల్లో కొన్నింటికి చూపు వచ్చిందని 2008లో రిచర్డ్ బొరోవ్‌స్కీ చూపారు. తల్లిదండ్రులిద్దరూ గుడ్డివారు, వారి వంశాలు వేల ఏళ్ళుగా వెలుతురు ఎరగనివి. ఒక సైకిలుకు గొలుసు తెగి, మరో సైకిలుకు చక్రం వంగి ఉంటే రెంటి నుంచీ కలిపి నడిచే సైకిలు కట్టుకోవచ్చు కదా, సంగతి అలాంటిదే: ఒక గుహలో చెడిన జన్యువులు మరో గుహలో చెడకుండా ఉన్నాయి. మీ వ్యాసాన్ని ఈ ప్రయోగంతో మొదలుపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇది అర్థం కావడానికి ముందు పాఠకుడికి గుహలు వేరువేరనీ, పూర్వీకుల గుంపులు వేరనీ, కన్ను ఎన్నో జన్యువుల పని అనీ తెలిసి ఉండాలి. ముందే చెబితే వింతగా మిగిలిపోతుంది. సమయానికి చెబితే వాదన పూర్తవుతుంది.

మీ వ్యాసం మొత్తం పోయినవాటి జాబితాగా ఉంది. నిజానికి గుహ చేప సంపాదించుకున్నదే ఎక్కువని వాదించవచ్చు. చేపల ఒంటి మీద నీటి కదలికలను పసిగట్టే పార్శ్వరేఖ వ్యవస్థ ఉంటుంది, అందులో న్యూరోమాస్టులనే చిన్న గ్రాహకాలుంటాయి. గుహ చేప ముఖం మీద ఇవి నది చేపకంటే పెద్దవి, సంఖ్యలోనూ ఎక్కువ. కన్ను ఉండవలసిన గుంట మీద పరుచుకున్న చర్మంలో కూడా ఉంటాయి. నీటిలో సెకనుకు 35 సార్లు కంపించే కడ్డీని ముంచితే గుహ చేపల్లో చాలా భాగం దాని వైపు ఈదుకుంటూ వస్తాయి. నీటిలో పడిన పురుగు చేసే అలజడి ఇంచుమించు అలాంటిదే. నది చేపల్లో ఈ తీరు అరుదు, ఎందుకంటే నదిలో అలజడి చేసేది తిండే కానక్కరలేదు, తినడానికి వచ్చే పెద్ద చేప కూడా కావచ్చు. అడుగున తిండి తినేటప్పుడు నది చేప దాదాపు నిటారుగా తలకిందులవుతుంది, గుహ చేప 45 డిగ్రీల వాలులో ఉండి నేలను ఎక్కువగా తడుముతుంది. గుంపుగా ఈదడం మానేసింది, తోటి చేపతో పోట్లాడడం చాలావరకు మానేసింది, నిద్ర బాగా తగ్గించుకుంది. ఈ తక్కువ నిద్ర కూడా వేర్వేరు గుహల్లో విడివిడిగా వచ్చినదే.

కరువు మళ్ళీ ఇక్కడ తలెత్తుతుంది. గుహ చేపలు దొరికినప్పుడు విపరీతంగా తింటాయి, కొవ్వు దాచుకుంటాయి, నెలల తరబడి పస్తు తట్టుకుంటాయి. కొన్ని గుహల చేపల్లో ఆకలిని అదుపు చేసే ఎంసీ4ఆర్ అనే జన్యువులో మార్పులున్నాయని 2015లో తెలిసింది. 2018లో, ఇన్సులిన్ గ్రాహకంలో మార్పు వల్ల కొన్ని గుహల చేపలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవని, అయినా వాటికి మనుషుల్లో మధుమేహంతో వచ్చే హాని కనబడదని తేలింది. మీరు ఈ సంగతి రాసి, వెంటనే "మధుమేహానికి మందు దొరికినట్టే" అన్న అర్థం వచ్చేలా ముగించారు. ఆ వాక్యం కొట్టేయండి. చేప గురించి రాస్తూ చదువరిని నిలపడానికి మనిషి రోగాన్ని ఎరగా వేసే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. ఈ చేపకు ఆ ఎర అక్కరలేదు.

కాలం విషయంలో మీరు "లక్షల ఏళ్ళలో" అని ఒక్క మాటతో సరిపెట్టారు. అక్కడ ఇంకా తగాదా నడుస్తోంది. 2018లోనే వెలువడిన రెండు పరిశోధనల్లో ఒకటి గుహ సమూహాల వయసు 20,000 ఏళ్ళ లోపే ఉంటుందని వాదించింది, మరొకటి నది, గుహ సమూహాలు విడిపోయి లక్షన్నరకు పైగా తరాలు గడిచాయని లెక్కగట్టింది. వరద నీటితో నది చేపలు లోపలికి వచ్చి గుహ చేపలతో కలుస్తూ ఉండడం వల్ల జన్యువుల్లోని గడియారాన్ని చదవడం కష్టమవుతోంది. రెండు అంచనాలూ చెప్పి, ఎందుకు తేడా వచ్చిందో చెప్పండి. నడిమధ్య అంకె ఒకటి మీరే తయారు చెయ్యకండి. వయసు తక్కువేనన్న వాదనకు బలమిచ్చే సంగతి ఇంకొకటుంది. గుహలోకి వెళ్ళిన చేపలు కొత్త ఉత్పరివర్తనాల కోసం వేచి ఉండనక్కరలేదు. నది సమూహంలోనే కొన్ని తేడాలు దాగి ఉంటాయి. హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్ ఇతర ప్రోటీన్లు సరిగా మడతపడేలా చూస్తూ, చిన్నచిన్న జన్యు లోపాలు బయటపడకుండా కాపాడుతుంది. దాని పనిని మందుతో అడ్డుకుంటే నది చేపల పిల్లల్లో కంటి పరిమాణం ఒక్కసారిగా రకరకాలుగా మారిపోయిందని 2013లో చూపారు. గుహ నీటిలో లవణాలు తక్కువ, విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. అలాంటి నీటిలో పెంచినా అదే తీరు కనబడింది. గుహలో అడుగుపెట్టిన తొలి తరాల్లోనే చిన్న కళ్ళవీ పెద్ద కళ్ళవీ బయటపడి ఉంటే, వరణానికి ఎంచుకోవడానికి సరుకు సిద్ధంగా ఉన్నట్టే.

ఇతర దేశాల గుహ చేపలను ఎంతవరకు తేవాలన్నది మీ ఇష్టం, కానీ పర్యటన చేయించకండి. ఇప్పటికి 250కి పైగా జాతులు తెలుసు. అన్నీ పేర్కొంటే పాఠకుడికి మిగిలేది పేర్లే. వాదనకు పనికివచ్చేవి మాత్రం తీసుకోండి. సోమాలియా భూగర్భ జలాల్లోని ఫ్రియాటిక్తిస్ ఆండ్రుజ్జీ అనే చేప శరీరంలోని జీవగడియారం వెలుతురుకు స్పందించడమే మానేసింది, క్రమం తప్పకుండా పెట్టే తిండికి మాత్రం స్పందిస్తుంది. దాని ఒక చుట్టు దాదాపు 47 గంటలు. పది లక్షల ఏళ్ళకు పైగా వెలుతురుకు దూరమైన వంశంలో మార్పు ఎంత లోతుకు వెళ్ళగలదో అది చూపిస్తుంది. చైనాలోని సైనోసైక్లోకైలస్ ప్రజాతిలో మామూలు కళ్ళున్న జాతులు, చిన్న కళ్ళున్నవి, బొత్తిగా కళ్ళు లేనివి దాయాదులుగా పక్కపక్కనే ఉన్నాయి. 2023లో వర్ణించిన మేఘాలయ జైంతియా కొండల గుహ చేప నియోలిసోకైలస్ ప్నార్, 40 సెంటీమీటర్లు దాటి పెరిగి, గుహలో ఉన్నంత మాత్రాన చేప చిన్నదై ఉండాలన్న ఊహను పడగొడుతుంది. ఈ మూడూ చాలు, నాలుగోది వద్దు.

తిరగరాసేటప్పుడు మీ మొదటి వాక్యాన్ని పూర్తిగా తీసేయకండి. దాన్ని పాఠకుడి ఊహగా పెట్టి, చీకట్లో పెంచిన నది చేప పిల్లతో దాన్ని ఎదుర్కోండి. తర్వాత కొండ, వాగు, కరువు. తర్వాత పిండంలోని కన్ను, నిదానంగా. ప్రతి పేరా రాశాక ఇందులో మారింది ఒక చేపా, చేపల సమూహమా అని అడిగి చూసుకోండి. జవాబు తేలకపోతే ఆ పేరాను మళ్ళీ రాయండి. హెడ్జ్‌హాగ్ గురించి రాసిన భాగాన్ని జీవశాస్త్రం చదవని ఒకరికి వినిపించి, వారు ఎక్కడ కళ్ళు తేలేశారో గుర్తుపెట్టుకోండి. అక్కడ వాక్యాలను విడగొట్టండి గానీ సంగతిని తగ్గించకండి. అంకెలన్నీ మూల పరిశోధనా పత్రాల్లో సరిచూడండి, వాటి గురించి రాసిన వార్తల్లో కాదు. ప్రతి సిద్ధమయ్యాక పంపండి, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి